ఎస్తేరు వెనకాల ఇరవై ఒక్క కిలోమీటర్లు

శంషాబాద్ వెళ్ళొచ్చానని చెబితే మా తెనాలిలో ఎవరూ ఈర్ష్యపడలేదు. కాశీ వెళ్ళొస్తే కాళ్ళకు దండం పెడతారు, ఊటీ వెళ్ళొస్తే ఫోటోలు అడుగుతారు. శంషాబాద్ అంటే మాత్రం, "అక్కడేముందండీ?" అన్నారు. మా కాలేజీలో చరిత్ర చెప్పే ఆయన ఒక్కడే కాస్త ఆలోచించి, "బెంగుళూరు వెళ్ళే దారిలో వస్తుంది కదూ" అన్నాడు. అక్కడేముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాళ్ళున్నాయి, ద్రాక్షతోటలున్నాయి, ఎక్కడానికి ఎత్తులున్నాయి, నా స్నేహితురాలు ఎస్తేరు ఉంది. మొదటి మూడింటితో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

నలభై దాటాక నాకు నడక పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో చలికాలం మొదట్లో హాఫ్ మారథాన్ అనే పరుగు పెడుతున్నారనీ, ఇరవై ఒక్క కిలోమీటర్లనీ, పరుగెత్తలేనివాళ్ళు నడిచినా ఒప్పుకుంటారనీ, ఆడవాళ్ళు కూడా పేర్లివ్వచ్చనీ పేపర్లో చదివాను. మా ఆయన నా చేతిలోంచి పేపరు తీసుకుని, "కూరగాయల బజారుకు రిక్షా కావాలంటావు, నీకెందుకే ఇది?" అన్నాడు. ఆ సాయంత్రమే నా పేరు పంపించాను.

అప్పట్నుంచీ రోజూ కాలవగట్టు మీద నడిచాను. కానీ మాది చాప పరిచినట్టుండే నేల. నిర్వాహకులు పంపిన కాగితంలో దారి పొడుగునా ఎత్తుపల్లాలు ఉంటాయని రాశారు. మా ఊళ్ళో ఎత్తంటే రైలుపట్టాల మీది వంతెన ఒక్కటే. దాన్నే పదేపదే ఎక్కి దిగుతుంటే రిక్షావాళ్ళు, "ఏం పడిపోయిందమ్మా?" అంటూ నాతోపాటు నేల వెతకడం మొదలుపెట్టారు. లాభం లేదని ఎస్తేరుకు ఉత్తరం రాశాను. "వచ్చెయ్ రాజ్యం. ఇక్కడ చదునుగా ఉండేది మా ఇంట్లో గచ్చు ఒక్కటే" అని జవాబిచ్చింది.

ఎస్తేరూ నేనూ గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నీళ్ళ పంపు దగ్గరికి ఆమె ముందు, నేను వెనక. భోజనాల గదికి ఆమె ముందు, నేను వెనక. వార్షికోత్సవం పరుగుపందెంలో ఆమెకు మొదటి బహుమతి స్టీలు గిన్నె, నాకు రెండో బహుమతి ప్లాస్టిక్ సబ్బుపెట్టె. ఆమె మీద నాకు ప్రేమ లేదని కాదు. ప్రేమ ఎంతుందో ఈర్ష్య అంతకు రెండింతలు ఉంది. శంషాబాద్ బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్న కోరిక ఒక్కటే. ఒక్కసారి, ఎక్కడికైనా సరే, ఎస్తేరు కంటే ముందు చేరాలి.

బస్సులోనే మొదలైంది

హైదరాబాద్‌లో రైలు దిగి శంషాబాద్ బస్సు ఎక్కాను. మైలార్‌దేవ్‌పల్లి దాకా ఊరు ఊరిలాగే ఉంది: ఫ్యాక్టరీల పొగగొట్టాలు, మాడిన నూనె వాసన, ఇరుకు సందుల్లో ఆరేసిన చీరలు. అది దాటాక ఒక్కసారిగా ఆకాశం విశాలమైంది. రోడ్డుకు రెండువైపులా ఎర్రమట్టి, దాని మధ్య బండరాళ్ళు. మా వైపు ఒక రాయి కనబడితే దానికి పసుపు పూసి దేవుణ్ణి చేస్తాం. ఇక్కడ అలా మొదలుపెడితే పసుపు చాలదు.

బస్సు కిక్కిరిసి ఉంది. బుట్టలో టమాటాలు పెట్టుకుని కూర్చున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "ఏడికి వోతున్నవమ్మా?" అంది.

"శంషాబాద్."

"ఎవలింటికి?"

"ప్రభుదాస్ గారని, కోళ్ళ ఫారంలో పనిచేస్తారు..."

"ఎస్తేరమ్మోళ్ళింటికా!" అంటూ ఆమె లేచి నిలబడింది. "కూసో తల్లీ, కూసో. నా ముగ్గురు పిల్లలకు సూదులు ఆమెనే ఏసింది. ఒక్కనికి గూడ జరం రాలే." ముందు సీటులో ముసలాయన వెనక్కి తిరిగి, తన మోకాళ్ళ నొప్పులకు ఎస్తేరమ్మ ఇచ్చిన బిళ్ళల గురించి చెప్పాడు. కండక్టరు కూడా రెండు మాటలు కలిపాడు.

ఎస్తేరు అక్కడ ఊళ్ళ వెంట తిరిగే నర్సు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆమె పేరు చెబితే బస్సులో సీటు దొరుకుతుందని తెలియదు. నేను తెనాలిలో పదహారేళ్ళుగా జువాలజీ పాఠాలు చెబుతున్నాను. నా పేరు చెబితే రిక్షావాడు అర్ధరూపాయి కూడా తగ్గించడు. సీటులో కూర్చున్నాను కానీ ఒళ్ళంతా ముళ్ళమీద ఉన్నట్టే ఉంది.

శంషాబాద్

బస్సు దిగేసరికి ఎస్తేరు ఎదురుచూస్తోంది. అదే సన్నటి మనిషి. తల కాస్త నెరిసింది, అంతే. నా సంచీ లాక్కుని, "ఏందే, గింత బరువు? ఇటుకలు తెచ్చినవా?" అంది. గుంటూరులో పుట్టిన పిల్ల, పదిహేనేళ్ళ కాపురానికే గింత, గట్ల, గిట్ల! యాస కూడా ఆమెకు చప్పున వచ్చేసిందే అనుకున్నాను. సంచీలో ఉన్నవి ఇటుకలు కావు, ఆవకాయ జాడీ, నా కొత్త కాన్వాసు బూట్లు.

ప్రభుదాస్ గారు నెమ్మదైన మనిషి. ఇంటికి రాగానే నాకు రెండు కోడిగుడ్లు చూపించి, "ఇవి రెండు సొనల గుడ్లు వదినా, మీ కోసం తీసి పెట్టిన" అన్నారు. మా ఆయన పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకోసం ఏదీ తీసి పెట్టలేదు. రాత్రి భోజనానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు. పుంటికూర అంటే ఏ అడవి ఆకో అనుకుని భయపడుతూ నోట్లో పెట్టుకుంటే, మన గోంగూరే! పేరు మార్చుకుని ఇక్కడ కాపురం చేస్తోంది. రొట్టె చేతిలో చరుస్తూ పలుచగా చెయ్యడం నేనూ ప్రయత్నించాను. నాది మూడు ముక్కలై పెనం మీద పడింది. ఎస్తేరుది చందమామలా వచ్చింది.

తినేముందు వాళ్ళింట్లో ప్రార్థన చేస్తారు. మేం చేతులు కడుక్కుని కూర్చుంటే చాలు, విస్తట్లోకి దూకేస్తాం. ప్రభుదాస్ గారు కళ్ళు మూసుకుని, వానలు పడాలనీ, కోళ్ళకు తెగులు రాకూడదనీ, "మా వదిన కాళ్ళకు బలమియ్యి ప్రభువా" అనీ వేడుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఎస్తేరు నవ్వు ఆపుకుంటోంది.

నేను చేసిన మొదటి తప్పు ద్రాక్షపళ్ళు అడగడం. శంషాబాద్ ద్రాక్షల గురించి విన్నాను కదా, బజారుకు వెళ్ళి పళ్ళబండి అతన్ని, "ఇక్కడి ద్రాక్ష కిలో ఎంత?" అన్నాను. అతను పక్కబండి వాడితో, "అన్నా, శ్రావణంల అంగూర్ అడుగుతున్నది చూడు" అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ద్రాక్ష కాసేది ఎండలు ముదిరేటప్పుడట. ఇప్పుడు పందిళ్ళ నిండా ఆకు తప్ప కాయ లేదు. నేను కాలేజీలో జంతువుల పాఠం చెప్పేదాన్ని, మొక్కలతో నాకేం సంబంధం అని ఇంటికొచ్చి ఎస్తేరుతో వాదించాను.

ఆ రాత్రి కంచాలు తీస్తూ ఎస్తేరు మామూలుగా అడిగింది. "రాజ్యం, ఆ పరుగుకు ఇంకా పేర్లు తీసుకుంటున్నరా? నీతోని నేను గూడ వస్తే బాగుంటది గదా."

పేర్లు నెలాఖరు దాకా తీసుకుంటారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ఆమె వస్తే ఇంకేముంది? ఇంత కష్టపడి, ఇంత దూరం వచ్చి, మళ్ళీ సబ్బుపెట్టె నాకు. "ఏమో, కనుక్కోవాలి" అన్నాను. అనేసి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

కొత్వాల్‌గూడ, హిమాయత్‌సాగర్

మర్నాడు తెల్లవారగానే కొత్వాల్‌గూడ వైపు బయల్దేరాం. నాకు కాన్వాసు బూట్లు, మేజోళ్ళు, మెడలో తువ్వాలు. ఎస్తేరుకు రోజూ డ్యూటీకి వేసుకునే రబ్బరు చెప్పులు. ఆమె కావాలని నాతో వస్తున్నానంది. "మాట్లాడుకుంట నడుస్తం" అంది. మొదటి ఎత్తు ఎక్కేసరికి నాకు మాటలు అయిపోయాయి. ఆమె మాత్రం ఆగకుండా కబుర్లు చెబుతూనే ఉంది. ఎక్కడ ఆయాసపడుతుందో చూద్దామని ఒకచోట ఆమెను పెద్ద ప్రశ్న అడిగాను, అత్తగారి సంగతి. ఆ దిబ్బ దిగేదాకా చెప్పింది, ఒక్క నిట్టూర్పు లేకుండా.

నేను కాస్త దూరం పరుగెత్తి, కాస్త దూరం నడిచి, అలా పోతుంటే మేకలు కాచుకుంటున్న ముసలాయన కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

"ఎవలు తరుముతున్నరు బిడ్డా?"

"ఎవరూ తరమట్లేదు తాతా. ఊరికే పరుగెత్తుతున్నాను."

"ఊకెనే?" అని ఆయన నా వెనక రోడ్డు మీదికి చాలాసేపు చూశాడు. నమ్మలేదు. అప్పుడే వచ్చిన ఎస్తేరుతో, "ఎస్తేరమ్మా, ఈమె ఎవలకో భయపడ్డది. జర పైలం" అన్నాడు.

హిమాయత్‌సాగర్ కట్ట మీదికి చేరాక మాత్రం ప్రయాణం ఖర్చు తీరిపోయింది. మా కృష్ణ కాలవ నీళ్ళు ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాలన్న తొందరలో ఉంటాయి. ఈ నీళ్ళు మాత్రం ఎటూ కదలక, గాలికి చిన్నగా మడతలు పడుతూ నిలబడి ఉన్నాయి. కట్ట పక్కన ఒకామె బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. కంకి రూపాయిన్నర. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రాసి ఇచ్చింది. మా వైపు ఉడకబెట్టుకుంటాం కానీ ఇంత కమ్మగా ఉండదు. నా దగ్గర డబ్బు తీసుకుంది. ఎస్తేరు ఇవ్వబోతే మాత్రం, "నీతోని పైసల్ తీసుకుంటనా అక్కా?" అని ఇంకో కంకి కూడా చేతిలో పెట్టింది. నా కంకి ఆ తర్వాత అంత రుచిగా అనిపించలేదు.

తిరుగుదారిలో కొత్త బూట్లు కొరికేశాయి. ఇంటికొచ్చి విప్పితే రెండు మడమలకూ పొక్కులు. ప్రభుదాస్ గారు కొబ్బరినూనెలో పసుపు కలిపి తెచ్చారు. "రోజు గిట్ల పాదాలకు మంచిగ పట్టియ్యండి వదినా, మానిపోతయ్." పట్టించాను. ఎస్తేరు పాదాలకు ఏమీ కాలేదు. చూపించమని అడిగి మరీ చూశాను.

మళ్ళీ మైలార్‌దేవ్‌పల్లి, ఈసారి కాళ్ళతో

పొక్కులు ఎండేదాకా చిన్నచిన్న నడకలతో సరిపెట్టుకుని, ప్రయాణం చివర్లో అసలు దూరం మొత్తం ఒకసారి నడవాలని నిశ్చయించుకున్నాను. ప్రభుదాస్ గారు రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు చూసి లెక్క వేశారు. కోళ్ళ ఫారం గేటు నుంచి మైలార్‌దేవ్‌పల్లి దాకా వెళ్ళి మళ్ళీ గేటు దగ్గరికి వస్తే హాఫ్ మారథానుకు సరిపోతుందట. "ఇయ్యాల సాతంరాయిల బోనాలు. వచ్చేటప్పుడు జర మంది ఉంటరు, చూసుకోండ్రి" అని కూడా చెప్పారు.

పోయేటప్పుడు బాగానే నడిచాను. లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే రోడ్డు దిగి మట్టిబాట మీద నడిచాం. మైలార్‌దేవ్‌పల్లిలో గాజుగ్లాసుల్లో టీ తాగాం. ఇక్కడి టీ చిక్కగా, తియ్యగా, ఒక పూట భోజనంలా ఉంటుంది. అంతదూరం ఎస్తేరుతో భుజం భుజం కలిపి వచ్చానన్న ధీమాతో నేను పక్క బల్లమీది మనిషితో నా హాఫ్ మారథాన్ సంగతి చెప్పుకున్నాను. అతను అంతా విని, "బస్ పాస్ లేదా అమ్మా?" అన్నాడు.

తిరుగుదారిలో పొక్కులు మళ్ళీ లేచాయి. మోపెడ్ మీద మా వెంట మంచినీళ్ళు తెచ్చిన ప్రభుదాస్ గారికి బూట్లు ఇచ్చేశాను. "మెత్తటి మట్టే కదా, వట్టి కాళ్ళతో నడుస్తాను" అన్నాను. ఆయన బూట్లు హ్యాండిల్‌కు తగిలించుకుని ఫారంలో పని చూసుకు రావడానికి వెళ్ళిపోయారు. పొద్దున పట్టించిన పసుపు పాదాల నిండా అలాగే ఉంది. కాసేపటికి జడ ముడి ఊడింది. మళ్ళీ వేసుకునే ఓపిక లేక వదిలేశాను. ఒకచోట కుక్కలు వెంటపడితే ఎస్తేరు వేపకొమ్మ ఒకటి విరిచి నా చేతికిచ్చింది.

"కాసేపు కూసుందమా?" అంది.

ఆ అడగడంలో జాలి ఉంది. అదే నాకు గిట్టలేదు. "నువ్వు పో. నాకోసం ఆగక్కర్లేదు. పో!" అన్నాను. నా గొంతు నాకే గరుకుగా వినిపించింది. ఆమె నా మొహం చూసింది. నడక సాగించింది. కాసేపటికే చిన్న చుక్కయి మలుపు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పొమ్మన్నాను, నిజమే. అంత తొందరగా పోగలదని అనుకోలేదు.

సాతంరాయి

సాతంరాయి దగ్గర రోడ్డు పక్కన డప్పులు మోగుతున్నాయి. కొత్త చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు వరుసగా బోనాలెత్తుకుని వస్తున్నారు. బోనమంటే మా వైపు వాళ్ళకు తెలియదు. కొత్త కుండకు పసుపూ సున్నం పూసి, లోపల అన్నం పెట్టి, చుట్టూ వేపాకు కట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుని అమ్మవారికి తీసుకెళ్తారు. నెత్తిమీద దీపంతో చెయ్యి పట్టకుండా నడవడం చూసి వాళ్ళ మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. నేను ఉత్త నెత్తితోనే తిన్నగా నడవలేకపోతున్నాను.

నా కాళ్ళు తేలిపోతున్నాయి. డప్పు దెబ్బ ఎలా పడితే అడుగు అలా పడుతోంది. ఒకడుగు ఇటు, ఒకడుగు అటు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. విరబోసిన జుట్టు, చేతిలో వేపకొమ్మ, పాదాల నిండా పసుపు, ఒళ్ళంతా ఊగిసలాట. నేనెలా ఉన్నానో నాకు తెలియదు కానీ, డప్పులవాళ్ళు నన్ను చూసి వాయిద్యం పెంచారు. ఎవరో, "తల్లి వచ్చిందిరో!" అని అరిచారు. ఒక్క నిమిషంలో నా చుట్టూ మనుషులు.

"నీళ్ళు" అన్నాను. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది.

నలుగురు బిందెలు తెచ్చారు. పసుపు కలిపిన నీళ్ళు, వేపాకు వేసిన నీళ్ళు, అన్నీ నా పాదాల మీద పోశారు. ఒక్క చుక్క నోట్లోకి రాలేదు. పొక్కుల మీద పడగానే మంటకు నేను గట్టిగా అరిచి ఎగిరాను. దాంతో ఉన్న ఆ కాస్త అనుమానమూ పోయింది. మొగవాళ్ళు చేతులు జోడించారు. నర్సమ్మ అనే పెద్దావిడ తన బోనం కోడలి నెత్తిన పెట్టి ముందుకొచ్చింది. వాళ్ళ ఆచారం, అమ్మవారు పూనిన మనిషిని కోపమెందుకో అడగాలి, అడిగింది తీర్చాలి.

"శాంతించు తల్లీ. ఏం తక్కువ చేసినం? ఏం కావాల్నో చెప్పు" అంది.

నేను అమ్మవారిని కానని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు మనుషుల భుజాల మీదుగా అవతలి మలుపు దగ్గర ఎస్తేరు కనబడింది. హాయిగా, చేతులూపుకుంటూ, వెనక్కి కూడా చూడకుండా పోతోంది. ఇరవై ఏళ్ళ మంట ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"దాన్ని ఆపండి!" అన్నాను. వేపకొమ్మతో చూపించాను. "ఎప్పుడూ ముందే పోతుంది. దాన్ని పోనివ్వకండి!"

అందరూ అటు చూశారు. "గామె ఎస్తేరమ్మ గదా" అన్నారెవరో. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ! ఇన్నేండ్ల సంది మా పిల్లలకు సూదులేస్తున్నది, మా కానుపులు చేస్తున్నది. ఎన్నడన్న మన ఇంటి ఆడిబిడ్డ లెక్క పిలిచి బియ్యంతోని ఒడి నింపినమా? గదే తల్లి కోపం. ఉరుకుండ్రి, ఎస్తేరమ్మను తోలుకరాండ్రి!"

పదిమంది ఉరికారు. నా చుట్టూ ఉన్న గుంపు కూడా అటే కదిలింది. ఎస్తేరును చుట్టుముట్టి, చేతులు పట్టుకుని, పక్కదారిన ఊళ్ళోకి తీసుకుపోవడం నా కళ్ళతో చూశాను. ఆమె ఏదో చెబుతోంది, ఎవరూ వినడం లేదు. అమ్మవారి మాట తీరుతోంది కాబట్టి అమ్మవారితో వాళ్ళకు పని లేకపోయింది. నాదగ్గర ఒక్కరూ మిగల్లేదు. ఒక బిందెలో అడుగున మిగిలిన నీళ్ళు వేపాకుతో సహా తాగి, నేను రోడ్డెక్కాను. నా ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

కోళ్ళ ఫారం గేటు

ఆ మిగిలిన దూరం ఎలా నడిచానో చెప్పలేను. కుంటుతూ నడిచాను, ఆగాను, రెండుసార్లు ఏడ్చాను కూడా. కానీ ముందున్నాను. ప్రతి మలుపులో వెనక్కి తిరిగి చూశాను, ఆమె రావడం లేదు. సంతోషం పొంగుకొచ్చింది. గేటు ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. ఇరవై ఒక్క కిలోమీటర్లు! నేనే ముందు!

అక్కడ ఎవరూ లేరు. ప్రభుదాస్ గారు పని ముగించుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వేరే దారిన వెళ్ళారట. గేటు పక్క గుంటలో ఒక గేదె పడుకుని ఉంది. నా వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. ముందు చేరిన మనిషి తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఎప్పుడూ చేరలేదు కదా. వెనక వచ్చినప్పుడైతే ఎస్తేరు ఉండేది, నీళ్ళిచ్చేది. గేటుకు ఆనుకుని కూలబడ్డాను. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది. ఎంతసేపు చూసినా రోడ్డు ఖాళీగానే ఉంది.

చివరికి ఎస్తేరు వచ్చింది. నడిచే వచ్చింది. మోపెడ్ తోసుకుంటూ ప్రభుదాస్ గారు వెనక వస్తున్నారు, మోపెడ్ మీదికి ఎక్కమంటే ఎక్కలేదట. కొంగు నిండా బియ్యం, వాటి మధ్య ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఒక రవిక గుడ్డ. చేతులకు కొత్త గాజులు. అంత బరువుతో కూడా ఆమెకు ఆయాసం లేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఒడిబియ్యం పోసిండ్రు రాజ్యం" అంది నా పక్కన కూర్చుంటూ. "పుట్టింటోళ్ళు ఆడిబిడ్డకు పోస్తరు ఇక్కడ. నా పెండ్లయినంక మా నాయన నా గడప తొక్కలేదని నీకు ఎరికే గదా. బొట్టు వద్దమ్మా, మేం పెట్టుకోమంటే, నర్సమ్మ ఏమన్నదో తెలుసా? 'బొట్టు నీ ఇష్టం బిడ్డా, బియ్యానికేమైంది, ఒడి పట్టు' అన్నది." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకోబోయి, కొంగులో బియ్యం ఉన్నాయని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

ఆ క్షణంలో కూడా నాకు ఈర్ష్యే. నేను ముందు వచ్చాను, ఒక గేదె చూసింది. ఆమె వెనక వచ్చింది, ఒక ఊరే పుట్టిల్లయింది.

ఆమె నా పాదాల వైపు చూసింది. జుట్టు వైపు చూసింది. వేపకొమ్మ ఇంకా నా ఒళ్ళోనే ఉంది. "అమ్మోరు పూనిన మనిషి, నన్ను పోనియ్యకుండ్రి అన్నదంట. కోస్తా మాట మాట్లాడిందంట" అంది మెల్లగా.

ప్రభుదాస్ గారు మోపెడ్‌ను గేటు లోపలికి తోసుకుంటూ వెళ్ళిపోయారు.

"నేనే అన్నాను" అన్నాను. "వాళ్ళు అనుకున్నట్టు నీమీద దయతో కాదు. నువ్వు ముందు పోతుంటే చూడలేక అన్నాను. హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ చూడలేకపోతున్నాను. నువ్వంటే నాకు కుళ్ళు, ఎస్తేరూ."

ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి మిగతాదీ చెప్పేశాను. "పేర్లు నెలాఖరు దాకా తీసుకుంటారు. నువ్వు అడిగినప్పుడే నాకు తెలుసు. వస్తావా?"

ఎస్తేరు కొంగులో బియ్యం సర్దుకుంది. ఇక నన్ను బస్సెక్కి పొమ్మంటుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి, "ఒడి పట్టు" అంది. నాకర్థం కాలేదు. నా కొంగు తనే లాగి, దోసిళ్ళతో సగం బియ్యం నా ఒళ్ళోకి పోసింది. ఒక కుడుక కూడా వేసింది.

"వస్త" అంది. "కాని ఇగ నీ కోసం మెల్లగ నడువ. ఇప్పుడే చెప్తున్న."

మెల్లగానా! హిమాయత్‌సాగర్ కట్ట ఎక్కిందీ, మైలార్‌దేవ్‌పల్లి దాకా నా భుజం పక్కన నడిచిందీ, అదంతా మెల్లగానా! ఒళ్ళో బియ్యం పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాను. ఎగతాళి లేదు, నిజమే చెబుతోంది. నా స్నేహితురాలు నిజంగా నడిస్తే ఎలా ఉంటుందో నేనింతవరకూ సరిగా చూడనే లేదు.

మర్నాడు బస్సెక్కే ముందు, ఆమె పేరు రాసిన కవరు బజారులోని పోస్టుడబ్బాలో నేనే వేశాను. కవరు లోపలికి జారింది. డబ్బాలోంచి నా చెయ్యి బయటికి తీసుకోవడానికి మాత్రం కాస్త సేపు పట్టింది.